పనగల్ పార్కు పేరు వెనకాల కథ

చిట్టీ, నానీ,

మొన్న పెళ్ళి బట్టలకని చెన్నై వెళ్ళినప్పుడు మీ అమ్మ టీ నగర్‌లో చీరల షాపులో మూడు గంటలు కూర్చుంటే మనం ముగ్గురం ఎదురుగా పనగల్ పార్కులో వేరుశనక్కాయలు తింటూ కాలక్షేపం చేశాం కదా, అప్పుడు నాని పనగల్ అంటే ఏంటి తాతయ్యా అనడిగితే ఎవరో రాజాగారి పేరురా అని ఊరుకున్నా. తిరిగొచ్చేటప్పుడు ట్రైన్లో చిట్టి, మన దేశంలో ఫస్ట్ ఎలక్షన్ 1951-52 లో జరిగిందని మా సోషల్ బుక్కులో ఉంది అంది. అది అందరికీ ఓటున్న మొదటి ఎలక్షన్ తల్లీ, అంతకు ముప్పై ఏళ్ళ ముందే ఇక్కడ ఒక ఎలక్షన్ జరిగింది, ఆ పార్కు పేరు అందులోంచే వచ్చింది. ట్రైన్లో నిద్రొచ్చి చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నా.

అప్పట్లో మన కోస్తా, రాయలసీమ, తమిళనాడు, మలబారు, ఇటు గంజాం దాకా అంతా కలిపి మద్రాసు ప్రెసిడెన్సీ. 1919లో బ్రిటిష్ వాళ్ళు ఒక చట్టం చేసి మీక్కూడా కాస్త అధికారం ఇస్తున్నాం అన్నారు. ఆ 'కాస్త' దగ్గరే ఉంది మతలబు. చదువులు, ఆసుపత్రులు, మున్సిపాలిటీలు, వ్యవసాయం మన మంత్రులకి, డబ్బు, పోలీసు, భూమిశిస్తు మాత్రం గవర్నరు మనుషులకి. అంటే వంటిల్లు నీదే వండుకో అని, బియ్యం డబ్బాకి తాళం వేసి తాళంచెవి మొలకి కట్టుకున్నట్టు. దీన్నే ద్వంద్వ పాలన అంటారు, పరీక్షలో వస్తే ఆ మాటే రాయండి, బియ్యం డబ్బా రాయకండి.

ఆ చట్టం కింద 1920 నవంబరు 30న, డిసెంబరు 2న పోలింగు జరిగింది. శాసనమండలిలో, అంటే కౌన్సిల్‌లో, 98 సీట్లకి ఎన్నిక, ఇంకో 29 మందిని గవర్నమెంటే నామినేట్ చేసుకుంటుంది. ఆ 98 లో కూడా ముస్లింలకి వేరే, క్రిస్టియన్లకి వేరే, జమీందార్లకి వేరే, యూనివర్సిటీకి వేరే, ఇలా ముక్కలు ముక్కలు, బ్రాహ్మణేతరులకని 28 రిజర్వుడు సీట్లు.

రిజల్ట్ చూస్తే జస్టిస్ పార్టీకి 63! బ్రాహ్మణేతరులకి ఉద్యోగాల్లో, చదువుల్లో వాటా కావాలని 1916లో పెట్టిన పార్టీ అది, నాలుగేళ్ళకే గద్దెనెక్కింది. వాళ్ళు అడిగింది న్యాయమే, అందులో నాకు డౌటు లేదు. కానీ ఆ 63 చూసి అబ్బో అనుకునే ముందు రెండు సంగతులు చూడాలి. ఒకటి, కాంగ్రెస్ అసలు పోటీలోనే లేదు, గాంధీగారి సహాయ నిరాకరణ అప్పుడే మొదలైంది, కౌన్సిళ్ళని బాయ్‌కాట్ చేశారు. రెండోది ఓటర్లు. ప్రెసిడెన్సీ జనాభా 4 కోట్ల పైనే, ఓటున్న వాళ్ళు 12 లక్షల చిల్లర, అందులో వచ్చి వేసింది నూటికి పాతిక మంది కూడా లేరు. పట్టా భూమి ఉండాలి, లేకపోతే టౌన్లో పన్ను కట్టాలి, లేదా మిలటరీ పెన్షనర్ అయ్యుండాలి. ఆడవాళ్ళకి అస్సల్లేదు. మా తాత అప్పటికి ముప్పై ఏళ్ళ మనిషి, నాలుగెకరాలు కౌలుకి చేసేవాడు, పట్టా ఇంకొకరిది కాబట్టి ఓటూ ఆయనదే, పొద్దున లేచి దున్నింది మాత్రం మా తాత.

గెలిచాక గవర్నరు విల్లింగ్డన్, పార్టీ పెద్ద పిట్టి త్యాగరాయ చెట్టిగారిని మంత్రివర్గం పెట్టమంటే ఆయన నాకొద్దని ముఖ్యమంత్రిగా సుబ్బరాయలు రెడ్డియార్ పేరు చెప్పారు. ఈ చెట్టిగారు ఇంట్లో తెలుగు మాట్లాడేవారే. టీ నగర్ అంటే త్యాగరాయ నగర్, అది ఈయన పేరే, చాలామంది కీర్తనల త్యాగయ్య గారనుకుంటారు, నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నా! రెడ్డియార్‌కి ఒంట్లో బాగోక 1921 జులైలో దిగిపోతే పైకొచ్చినాయన పానగంటి రామరాయణింగారు, ఈయనే మన పార్కు పనగల్ రాజా. దాంతో ఉన్న ముగ్గురు మంత్రులూ తెలుగు వాళ్ళే అయిపోయారని తమిళ మెంబర్లు గొడవ చేశారు, 1923 ఎలక్షన్ తర్వాత కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారిని తప్పించి ఒక తమిళాయన్ని తీసుకోవాల్సొచ్చింది. మనం మనం ఇలా కొట్టుకోవడం అప్పట్నుంచీ ఉందన్నమాట.

ఆ కౌన్సిల్ ఒక మంచి పని చేసింది, 1921లో ఆడవాళ్ళకి ఓటు ఇవ్వాలని తీర్మానం పాస్ చేసింది, ఆస్తి రూలు మాత్రం అలాగే ఉంచింది. అదే ఏడు ఇంకోటి జరిగింది. చీరాల, పేరాల ఊళ్ళని అంతకుముందే మున్సిపాలిటీ చేసేసరికి పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి, జనం మాకొద్దు మొర్రో అన్నారు, మున్సిపాలిటీల శాఖ రామరాయణింగారిదే, అయినా రద్దు కాలేదు. అప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనకాల వేలమంది మంచాలూ, కుండలూ, గొడ్లూ తోలుకుని ఇళ్ళకి తాళాలు వేసి ఊరవతలికి పోయి రామనగర్ అని పాకలేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. వాళ్ళలో ఎంతమందికి ఓటుండుంటుంది చెప్పండి? బ్యాలెట్ పెట్టెలో వెయ్యడానికి చీటీ లేక ఊరే ఖాళీ చేశారు.

పదిహేడేళ్ళ తర్వాత 1937లో కాంగ్రెస్ దిగితే లెక్క మొత్తం తిరగబడింది, 215 లో 159 వాళ్ళకే, ముఖ్యమంత్రి బొబ్బిలి రాజాగారే సొంత ఊళ్ళో వి.వి. గిరి గారి చేతిలో ఓడిపోయారు. ఆ కథ పెద్దది, దసరా సెలవులకి వచ్చినప్పుడు చెప్తా. వచ్చేటప్పుడు నాని నా కళ్ళజోడు పెట్టె మర్చిపోకుండా తేవాలి, ఆ రోజు పార్కులో నీ బ్యాగులోనే పెట్టా.

మీ తాతయ్య