ఇంట్లో గిటార్ యాంప్ హోరు: అపోహలు, వాస్తవాలు

నా బెంచి మీదికి వచ్చే యాంప్‌లలో కొన్నింటికి ఏ జబ్బూ ఉండదు. "బాగానే పనిచేస్తోందండీ, ఇంట్లో వాయించుకోవడానికే కుదరడం లేదు. నాబ్ ఒకటి మీద ఉంటే వినపడదు, కాస్త జరిపితే కిటికీ అద్దాలు అదురుతున్నాయి" అంటారు తెచ్చినవాళ్లు. అప్పటికే ఎవరో చెప్పిన చిట్కాలు రెండు మూడు చేసి చూసి ఉంటారు. వాటిలో కొన్ని ఉత్తవి, కొన్ని యాంప్‌ని కాల్చేసేవి. ట్యూబ్ యాంప్‌లు, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచే గిటార్ యాంప్లిఫయర్లు, బాగు చేయడమే నా పని. అందుకే రోజూ నా చెవిన పడే మాటలే తీసుకుని చెబుతున్నాను.

అపోహ: 100 వాట్ల యాంప్ ఇచ్చేసి 50 వాట్లది తెచ్చుకుంటే మోత సగమవుతుంది.

అవ్వదు. వాట్లు సగమైతే శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. రెండు యాంప్‌లూ పక్కపక్కన పెట్టి వింటే "అవును, కొంచెం తగ్గింది" అంటారు, అంతే. మన చెవికి మోత సగమైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే వాట్లు పదో వంతుకి రావాలి. 100 వాట్ల యాంప్ పక్కన సగం మోతగా వినిపించేది 10 వాట్ల యాంప్ అన్నమాట.

ఇంకో సంగతి చాలామంది చూడరు. గిటార్ స్పీకర్ల వివరాల్లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. ఒక్క వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో చెప్పే అంకె అది. గిటార్ స్పీకర్లలో ఎక్కువ భాగం 97 నుంచి 100 దాకా ఉంటాయి. ఒక్క వాట్‌కే దాదాపు 100 డెసిబెల్స్! "చిన్నది కదా, ఇంట్లోకి సరిపోతుంది" అని కొన్న 5 వాట్ల యాంప్‌ని పూర్తిగా తెరిస్తే, 98 సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌తో మీటరు దూరంలో 105 డెసిబెల్స్ వస్తుంది. పడకగదిలో అది భరించలేని మోత. ఇంట్లో మామూలుగా వాయించుకునేటప్పుడు మనం వాడేది వాట్‌లో వందో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. కాబట్టి 5 వాట్లదా 50 వాట్లదా అన్నదాని కన్నా, ఆ వందో వంతుని చేతికి అందేలా చేసే ఏర్పాటు యాంప్‌లో ఉందా లేదా అని చూడండి.

స్పీకర్ మార్చడం కూడా ఒక దారే, ఎవరూ దాని ఊసే ఎత్తరు. 100 సెన్సిటివిటీ ఉన్నది తీసి 94 ఉన్నది పెడితే, యాంప్ వాట్లు నాలుగో వంతు చేసినంత తేడా వస్తుంది. లోపల ఒక్క తీగ కూడా కదిలించక్కర్లేదు. స్పీకర్ ఓమ్‌లు (కరెంటుకి అది ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) పాతదానివే ఉండాలి, యాంప్ ఇచ్చే వాట్లకి అది తట్టుకోవాలి, అంతే.

అపోహ: నాబ్ రెండు మీద ఉందంటే యాంప్ ఇరవై శాతమే పనిచేస్తోంది.

నాబ్ మీద అంకెలు వట్టి గుర్తులు. నాబ్ కింద ఉండి సిగ్నల్‌ని తగ్గించే భాగాన్ని పాట్ అంటారు, అందులో రెండు రకాలున్నాయి. లీనియర్ పాట్‌ని సగానికి తిప్పితే సిగ్నల్ సగమవుతుంది, అంటే పూర్తి మోతకి 6 డెసిబెల్స్ మాత్రమే తక్కువ. ఇంట్లో మనకి కావలసిన రేంజ్ అంతా సున్నాకీ ఒకటికీ మధ్య ఇరుక్కుపోతుంది. ఆడియో టేపర్ పాట్‌లో సగం దగ్గర సిగ్నల్ పదో వంతు చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అది కొంచెం నయం. పైగా చాలా యాంప్‌లలో నాలుగు, అయిదు దాటేసరికి పవర్ ట్యూబులు (స్పీకర్‌ని నడిపే ట్యూబులు) ఇవ్వగలిగిందంతా ఇచ్చేసి ఉంటాయి. ఆ పైన తిప్పితే మోత పెరగదు, డిస్టార్షన్ పెరుగుతుంది.

నాబ్‌ని వెంట్రుకవాసి జరపలేక అవస్థపడేవాళ్లకి నేను మొదట చెప్పే మందు యాంప్ బయటే ఉంది. వెనకాల ఎఫెక్ట్స్ లూప్ (సిగ్నల్‌ని సెండ్ జాక్‌లోంచి బయటికి తీసి, రిటర్న్ జాక్‌లోంచి మళ్లీ లోపలికి పంపే దారి) ఉంటే, సెండ్‌కీ రిటర్న్‌కీ మధ్య ఒక చిన్న వాల్యూమ్ పెట్టె పెట్టండి. లోపల ఉండేది ఒక పాట్, రెండు జాక్‌లు. తక్కువ మోతలో డిస్టార్షన్ తయారయ్యేది ప్రీయాంప్‌లో (గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే భాగంలో), అంటే లూప్‌కి ముందే. కాబట్టి టోన్ రూపు మారకుండా వెనకాలికి వెళ్లే సిగ్నల్ మాత్రం తగ్గుతుంది. ఇంతకు ముందు ఒకటికి ఇటుపక్క తడుముకున్న మాస్టర్ నాబ్‌ని ఇప్పుడు మూడు, నాలుగు మీద పెట్టుకోవచ్చు. ఒకటే షరతు, ఆ లూప్ సిగ్నల్ అంతా తన గుండానే పోయే సీరీస్ లూప్ అయి ఉండాలి. ప్యారలల్ లూప్‌లో అసలు సిగ్నల్ పక్క దారిలో వెళ్లిపోతూనే ఉంటుంది కాబట్టి పెట్టె తిప్పినా పెద్దగా ఫలితం కనపడదు.

లూప్ లేని పాతకాలపు యాంప్‌కి రెండు ఇన్‌పుట్ జాక్‌లు ఉంటే రెండోదాంట్లో పెట్టి చూడండి. ఫెండర్ తరహా యాంప్‌లలో అది సిగ్నల్‌ని సగం చేస్తుంది. గిటార్ మీదున్న వాల్యూమ్ కూడా వాడుకోవచ్చు. అది తగ్గించినప్పుడు మెరుపు పోతోందంటే పాట్ మీద చిన్న కెపాసిటర్ వేయించుకోండి, పది నిమిషాల పని.

అపోహ: స్పీకర్ వైరు పీకేసి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చప్పుడు లేకుండా వాయించుకోవచ్చు.

దయచేసి ట్యూబ్ యాంప్‌తో ఈ పని చేయకండి. నా దగ్గరికి కాలిపోయి వచ్చిన యాంప్‌లలో ఎక్కువ బాధ కలిగించేవి ఇవే. అర్ధరాత్రి ఎవరి నిద్రా చెడకూడదన్న మంచి ఉద్దేశంతో చేసిన పని కదా అది.

జరిగేది ఇదీ. పవర్ ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ట్యూబులు తోసే శక్తి ఆ ట్రాన్స్‌ఫార్మర్ గుండా స్పీకర్‌లోకి పోయి ఖర్చవ్వాలి. స్పీకర్ లేకపోతే దానికి పోయే దారి లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (ట్యూబుల వైపు చుట్ట) మీద వోల్టేజ్ వేల వోల్టుల దాకా ఎగసి, ఎక్కడ ఇన్సులేషన్ బలహీనంగా ఉంటే అక్కడ చీల్చుకుని దూకుతుంది. చాలాసార్లు అది దూకేది ట్యూబ్ సాకెట్ మీదే. ఈఎల్34 లాంటి ట్యూబుల సాకెట్‌లో మూడో పిన్ ప్లేట్, దాని పక్కనే రెండో పిన్ హీటర్. అలా వచ్చిన యాంప్‌ని తిరగేసి టార్చి వేస్తే ఆ రెండు పిన్‌ల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కనిపిస్తుంది. మాడిన బొగ్గు దారి అది. ఒకసారి పడిందంటే తుడిస్తే పోదు, సాకెట్ మార్చాల్సిందే. ఇంకా పెద్ద దెబ్బ తగిలితే ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చుట్టలు షార్ట్ అవుతాయి. ఛాసిస్ తెరవగానే కాలిన వార్నిష్ వాసన గుప్పున కొడుతుంది. అప్పుడిక ఎంత ఖర్చవుతుందో చెప్పడానికి నోరు రాదు.

"నేను చాలాసార్లు తీశాను, ఏమీ కాలేదే" అంటారు కొందరు. అబద్ధం కాదు. స్పీకర్ జాక్ ఖాళీ అవగానే దానంతటదే షార్ట్ అయ్యేలా కొన్ని యాంప్‌లలో ఏర్పాటు ఉంటుంది. ట్యూబ్ యాంప్ కాసేపు షార్ట్‌ని తట్టుకుంటుంది కానీ తెరిచి ఉన్న దారిని తట్టుకోదు. వాళ్ల యాంప్ అలాంటిది కావచ్చు, మీది కాకపోవచ్చు. ట్రాన్సిస్టర్ యాంప్‌లలో వ్యవహారం తలకిందులు. స్పీకర్ తీసేస్తే వాటికి మామూలుగా ఏమీ కాదు, షార్ట్ అయితేనే ప్రమాదం.

చప్పుడు లేకుండా వాయించాలంటే లోడ్ బాక్స్ పెట్టుకోండి. స్పీకర్ స్థానంలో శక్తిని మింగే పెట్టె అది. మీ యాంప్‌కే హెడ్‌ఫోన్ జాక్ ఉంటే, స్పీకర్ లేకుండా నడపొచ్చో లేదో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ ఒక్క లైను చదివాకే వైరు మీద చెయ్యి వేయండి.

అపోహ: అటెన్యుయేటర్ పెడితే టోన్ చచ్చిపోతుంది.

అటెన్యుయేటర్ అంటే యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టి, స్పీకర్‌కి వెళ్లే శక్తిని తగ్గించే పెట్టె. ఈ మాటలో కొంత నిజం ఉంది, కానీ నింద ఎక్కువగా తప్పు చోట పడుతోంది. 1933లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన ఫ్లెచర్, మన్సన్ మన చెవి గురించి ప్రచురించిన విషయం ఇక్కడ పనికొస్తుంది. శబ్దం తగ్గే కొద్దీ మన చెవికి బేస్ చాలా వేగంగా వినపడకుండా పోతుంది, బాగా పై స్వరాల్లో మెరుపు కూడా కొంత తగ్గుతుంది. మధ్య స్వరాలే మిగులుతాయి. అటెన్యుయేటర్ ఏ పాపం చేయకపోయినా, 20 డెసిబెల్స్ తగ్గించిన టోన్ పలచగా, డబ్బాలోంచి వచ్చినట్టు అనిపిస్తుంది. స్పీకర్ కోన్ గట్టిగా కదలడం లేదు కాబట్టి దాని సొంత గరుకుదనం రాదు. స్పీకర్ గాలిని తోసి తీగని మళ్లీ మోగించే ఆ ఊపు కూడా ఉండదు. ఇవన్నీ శబ్దం తగ్గడం వల్ల వచ్చిన మార్పులు. ఏ పద్ధతిలో తగ్గించినా వస్తాయి.

ఇక అటెన్యుయేటర్ వైపు నుంచి వచ్చే తేడా. 8 ఓమ్‌ల స్పీకర్ అన్ని స్వరాలకీ 8 ఓమ్‌లుగా ఉండదు. 80, 100 హెర్ట్జ్ దగ్గర దాని ఇంపిడెన్స్ (ఓమ్‌లలో చెప్పే ఆ అడ్డు) అంతకు ఎన్నో రెట్లు లేస్తుంది, పై స్వరాల వైపు మళ్లీ మెల్లగా పెరుగుతుంది. చవక రకం అటెన్యుయేటర్లలో ఉండేవి వట్టి రెసిస్టర్లు, అవి ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. రియాక్టివ్ రకాలు స్పీకర్ ప్రవర్తనని అనుకరిస్తాయి. కాస్త తగ్గించుకోవడానికైతే రెసిస్టర్ రకమే చాలు. 15, 20 డెసిబెల్స్ తగ్గించాలంటే రియాక్టివ్ రకం మీద పెట్టిన డబ్బు వృథా కాదన్నది నా అభిప్రాయం.

కొనేముందు రెండు జాగ్రత్తలు. యాంప్ ఓమ్‌లూ అటెన్యుయేటర్ ఓమ్‌లూ ఒకటై ఉండాలి. వాట్లు మాత్రం యాంప్ మీద రాసినదానికి రెట్టింపు తట్టుకునేది తీసుకోండి. 50 వాట్లు అని రాసి ఉండేది శుభ్రమైన శబ్దానికి. పూర్తిగా తెరిచి డిస్టార్ట్ చేస్తే అంతకు దాదాపు రెట్టింపు దాకా రావచ్చు. యాంప్‌కీ అటెన్యుయేటర్‌కీ మధ్య స్పీకర్ కేబులే వాడండి, గిటార్ కేబుల్ వద్దు. గది ప్రశాంతంగా ఉన్నా లోపల పవర్ ట్యూబులు కచేరీలో ఉన్నట్టే శ్రమపడుతుంటాయి కాబట్టి అవి త్వరగా అరుగుతాయి.

అపోహ: ట్యూబ్ మార్చేస్తే మోత తగ్గిపోతుంది.

ప్రీయాంప్‌లో ఉండే 12ఏఎక్స్7 ట్యూబ్ యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె) 100. దాని బదులు 12ఏటీ7 పెడితే 60, 12ఏయూ7 పెడితే సుమారు 20. గెయిన్ తగ్గుతుంది, నాబ్ తిప్పడం సుఖంగా ఉంటుంది, క్లీన్ టోన్ ఎక్కువసేపు నిలుస్తుంది. పవర్ ట్యూబులు ఇవ్వగల గరిష్ఠ మోత మాత్రం తగ్గదు. క్లీన్ వాయించేవాళ్లకి ఇది మంచి ఉపాయమే, డిస్టార్షన్ కోరుకునేవాళ్లకి ఉన్నది కూడా పోతుంది.

నాలుగు పవర్ ట్యూబుల్లో రెండు పీకేయడం గురించీ అడుగుతారు. బయటి రెండు గానీ లోపలి రెండు గానీ తీయొచ్చు, ఒకే పక్కవి రెండూ తీయకూడదు. దానితో పాటు ఇంపిడెన్స్ స్విచ్‌ని సగానికి మార్చాలి, అంటే 16 ఓమ్‌ల స్పీకర్ క్యాబినెట్‌కి 8 మీద పెట్టాలి. ఇంతా చేస్తే తగ్గేది ఆ 3 డెసిబెల్సే. నేను సాధారణంగా వద్దంటాను. ఛాసిస్ తెరిచే పనైతే అసలు చేయి పెట్టకండి. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు, ప్రాణాలకే ముప్పు.

అపోహ: గోడలకి ఫోమ్ అంటిస్తే, యాంప్ మీద దుప్పటి కప్పితే శబ్దం బయటికి పోదు.

గిటార్ లావు తీగ స్వరం 82 హెర్ట్జ్. గాలిలో ఆ అల పొడవు 4 మీటర్ల పైనే. అంగుళం మందం ఫోమ్ దాన్ని ఆపలేదు. గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, అంటే మీకు బాగా వినపడుతుంది, పక్కింటికి మాత్రం ఎప్పటిలాగే వెళుతుంది. శబ్దాన్ని ఆపేది బరువు: మందమైన గోడ, సందులు లేని తలుపు. దుప్పటి సంగతికొస్తే, ట్యూబుల వేడి పైకి పోయే దారి మూసేస్తే యాంప్ లోపలే ఉడుకుతుంది. నిప్పంటుకునే అవకాశం కూడా ఉంది. ఆ పని అసలు చేయొద్దు.

దీనికి బదులు యాంప్‌ని నేల మీంచి ఎత్తండి. నేలకి ఆనుకున్న క్యాబినెట్ తన అదురుని తిన్నగా కింది అంతస్తుకి పంపుతుంది. దాన్ని స్టూలు మీద, మందమైన మెత్తటి ప్యాడ్ వేసి, మూలకి దూరంగా, స్పీకర్ మీ చెవి ఎత్తులో మీ వైపు చూసేలా పెట్టండి. స్పీకర్ పై స్వరాలు టార్చి వెలుగులా తిన్నగా ముందుకే పోతాయి. యాంప్ కింద ఉంటే అవి మీ మోకాళ్లకి తగులుతాయి, టోన్ మొద్దుగా ఉందని మీరు ఇంకా పెంచుతారు. చెవి ఎత్తుకి తెస్తే చాలామంది తమంతట తామే నాబ్ వెనక్కి తిప్పుతారు, ఇది నేను ఎన్నోసార్లు చూశాను. రాత్రిపూట బేస్ నాబ్ కూడా కొంచెం తగ్గించండి. తక్కువ శబ్దంలో చెవి బేస్‌నే ఎక్కువ కోరుకుంటుందని పైన చెప్పాను, నిజమే. కానీ గోడ దాటి పోయేది కూడా ఆ బేసే. పగలు పెంచుకోండి, రాత్రి వదులుకోండి.

అపోహ: తక్కువ వాల్యూమ్‌లో వాడితే యాంప్ పాడవుతుంది.

ఏమీ కాదు, ట్యూబులకి అదే హాయి.

అపోహ: ఇంట్లో ఒక్క గంటే కదా, చెవులకి ఏమీ కాదు.

వృత్తి ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ చెప్పిన పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. పైన చెప్పిన 5 వాట్ల యాంప్ పూర్తిగా తెరిస్తే అయిదు నిమిషాల లోపే. యాంప్ వదిలి లేచాక చెవుల్లో కూత వినిపిస్తోందంటే అప్పటికే ఎక్కువైందని అర్థం. ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ అంత కచ్చితంగా ఉండదు కానీ అంచనాకి సరిపోతుంది. మీరు కూర్చునే చోట, మీ చెవి పక్కన పట్టుకుని ఒక కార్డ్ గట్టిగా కొట్టి చూడండి. 80 దాటుతుంటే లూప్‌లో ఉన్న ఆ పెట్టెని ఇంకొంచెం వెనక్కి తిప్పండి.