కంచెల్లేని పొలాల ఊరు

పిల్లలూ,

ఇంగ్లండు పల్లె బొమ్మల్లో పొలాల చుట్టూ పొదల దడులు కనిపిస్తాయి కదా. వాటిలో చాలా వరకు తర్వాత వేసినవే. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి, ఊరుమ్మడి పద్ధతిలో సాగే పొలాలను విడగొట్టి కంచెలు వేయించింది. ఆ చట్టాలకు చిక్కకుండా మిగిలిన ఊరు నాటింగ్‌హమ్‌షైర్‌లోని లాక్స్‌టన్.

అక్కడిది బరువైన ఎర్ర బంకమన్ను. ఊరికి ఉత్తరాన నార్మన్ల కాలపు కోట దిబ్బ, నడుమ సెయింట్ మైకేల్ చర్చి. రైతుల ఇళ్లన్నీ వీధి వెంటే వరసగా ఉంటాయి. ఒక్కో రైతు భూమి తలా ఒక చోట చీలికలుగా ఉంటే, ఇక పొలంలో ఇల్లు కట్టుకుని ఏం లాభం?

పెద్ద పొలాలు మూడు: వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. ఒకదాంట్లో చలికాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతంలో విత్తే పంట, మూడోది బీడు. ఏటా ఈ వరస మారుతుంది. చీలికకూ చీలికకూ మధ్య కంచె ఉండదు. మరి పక్కవాడి నేలలోకి ఒక చాలు జరిపి దున్నితే?

దానికే జ్యూరీ ఉంది. ఏటా నవంబరు చివర్లో ఊరి రైతులే పన్నెండు మంది గోధుమ పొలమంతా నడిచి చూస్తారు. హద్దు చెరిగిన చోట కొత్త మేకు దిగ్గొడతారు. ఎవరైనా దారిలోకి దున్నితే రాసుకుంటారు. వారం తిరిగాక ‘డవ్‌కోట్ ఇన్’ అనే పబ్బులో కోర్టు లీట్, అంటే పాతకాలం నుంచి వస్తున్న ఊరి సొంత కోర్టు, కూర్చుంటుంది. జరిమానా అక్కడే, మరుసటేటి జ్యూరీ ఎంపికా అక్కడే. గట్టు తగాదాలతో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లను చూసిన నాకు ఈ ఏర్పాటు మహా నచ్చింది. అయితే ఊరంతా ఒకే వరసలో సాగు చేయాలి కాబట్టి, నా ఇష్టం వచ్చింది వేసుకుంటానంటే కుదరదు.

భూమి యజమానులు మాత్రం మారుతూ వచ్చారు. 1952లో అప్పటి యజమాని ఎర్ల్ మాన్వర్స్ (ఎర్ల్ అన్నది ప్రభువుల బిరుదు) ఊరిని ప్రభుత్వానికి అమ్మాడు. 1981లో అది రాజరికం పేరిట ఉండే ఆస్తులను చూసుకునే క్రౌన్ ఎస్టేట్‌కు చేరింది. 2020లో మళ్లీ ఆ పాత వంశానికి చెందిన థోర్స్‌బీ ఎస్టేటే కొనుక్కుంది.

1635లో మార్క్ పియర్స్ ఈ ఊరి చీలికలన్నిటినీ కొలిచి పటం గీశాడు. అది ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ లైబ్రరీలో ఉంది. పొలాల మధ్య నాగలి దున్నేవాళ్లను, కోత కోసేవాళ్లను కూడా చిన్న చిన్న బొమ్మలుగా వేశాడు. ఇంటర్నెట్‌లో దాని బొమ్మ దొరికితే పెద్దది చేసి వెతకండి.

మీ తాతయ్య