నిశ్శబ్దానికీ ప్రాసెసర్ కావాలి

మాడ్యూళ్లనే విడి భాగాలను తీగలతో కలిపి వాయించే మాడ్యులర్ సింథసైజర్ ముందు కూర్చున్నవాళ్లకు ఒక బెంగ మాత్రం ఎప్పుడూ లేదు. ధ్వనిని వడగట్టే ఫిల్టర్ ఇంకోటి తగిలిస్తే మిగతావన్నీ చతికిలబడతాయేమో అన్న బెంగ. 1964లో రాబర్ట్ మోగ్ కట్టిన తొలి నమూనా నుంచి ఇప్పటి యూరోర్యాక్ పెట్టెల వరకు ప్రతి మాడ్యూలూ దేనికది సొంత సర్క్యూట్. పెట్టెలో జాగా, సరిపడా కరెంటు, జేబులో డబ్బు ఉన్నంతవరకు ఎన్నయినా చేర్చుకోవచ్చు. అన్నీ ఒకేసారి తమ పని తాము చేసుకుపోతాయి.

అదే పెట్టె కంప్యూటర్‌లోకి వచ్చేసరికి కథ మారిపోతుంది. తెర మీద ముప్పై నలభై మాడ్యూళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి గానీ, లోపల అవి ఒకదాని వెనక ఒకటి వరుసలో నిలబడి ఉంటాయి. మొదటిదాని లెక్క తేలాక రెండోది, ఆ తర్వాత మూడోది. ఈ వరుస మొత్తం కదలడానికి ఒక గడువుంది. అది దాటిందా, స్పీకర్లో 'టప్' మంటుంది. ఇంకాస్త దాటితే చిటపటలు.

గడువు ఎంతో లెక్కేద్దాం. కంప్యూటర్‌లో ధ్వని అంటే శాంపిళ్లనే విడివిడి సంఖ్యల వరుస. సెకనుకు 48,000 శాంపిళ్ల చొప్పున వాయిస్తుంటే, ఒక్కో శాంపిల్‌కు దక్కే సమయం దాదాపు 20.8 మైక్రోసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసర్ కోర్‌కు (లెక్కలు కట్టే ఒక భాగానికి) ఆ వ్యవధిలో 62,500 సైకిళ్లు, అంటే గడియార టిక్కులు, దొరుకుతాయి. వినడానికి బోలెడు. నలభై మాడ్యూళ్లకు పంచితే తలా పదిహేను వందల పైచిలుకు. ఒక సైన్ విలువ కట్టడానికే కొన్ని పదుల సైకిళ్లు పోతాయి. అనలాగ్ సర్క్యూట్ స్వభావాన్ని బాగా అనుకరించే ఫిల్టర్ అయితే, ఒక్క శాంపిల్‌కే సమీకరణాన్ని మళ్లీమళ్లీ సాధించి జవాబుకు దగ్గరవుతుంది. దాని వాటా ఇట్టే ఖర్చయిపోతుంది.

1957లో బెల్ ల్యాబ్స్‌లో మాక్స్ మ్యాథ్యూస్ రాసిన ప్రోగ్రాము ఐబీఎం 704 మీద 17 సెకన్ల పాటను పుట్టించినప్పుడు ఈ తొందర లేదు. లెక్కలు ఎప్పటికి తేలితే అప్పటికి తేలతాయి, ఆ తర్వాతే వినడం. మనం ఇప్పుడు నాబ్ తిప్పుతూ, తిప్పినది ఆ క్షణానే వినాలనుకుంటున్నాం. కష్టమంతా అక్కడే మొదలైంది.

చిటపటలు రాగానే అందరూ చేసే మొదటి పని బఫర్ (వినిపించే ముందు శాంపిళ్లను పోగుచేసి ఉంచే నిల్వ) పెంచడం. తప్పేమీ కాదు, కానీ బఫర్ చేసేదేమిటో తెలిసి పెంచాలి. బఫర్ 256 శాంపిళ్లయితే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 5.3 మిల్లీసెకన్ల సరుకు ఒక్కసారి సిద్ధం చేస్తే చాలు. మధ్యలో ఒక శాంపిల్ ఆలస్యమైనా మిగతావి దాన్ని కప్పేస్తాయి. అంటే హెచ్చుతగ్గులను చదును చేస్తుందే తప్ప పనిని పెద్దగా తగ్గించదు. సగటున గడువులో 110 శాతం పని పెట్టుకున్న ప్యాచ్‌కు (తీగలతో కలిపిన మాడ్యూళ్ల అమరికకు) ఎంత బఫర్ ఇచ్చినా లాభం లేదు. ఇక ఆలస్యం సంగతి. గాలిలో శబ్దం 5.3 మిల్లీసెకన్లలో సుమారు 1.8 మీటర్లు వెళ్తుంది. స్పీకర్‌ను అంత దూరం జరిపితే ఎలా ఉంటుందో ఈ ఆలస్యమూ అంతే. చేత్తో కీబోర్డ్ వాయిస్తుంటే 128 దగ్గర ఉంచుకోవడం బాగుంటుంది. సీక్వెన్సర్ తనంతట తానే వాయించుకునే ప్యాచ్ అయితే 1024 పెట్టినా ఎవరికీ తెలియదు. ఎవరో సలహా ఇచ్చారని అలాంటి ప్యాచ్‌ను కూడా 64 దగ్గర ఉంచి బాధపడేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

ప్రాసెసర్ భారం మీటరు చూపించే శాతాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఆపరేటింగ్ సిస్టమ్ చూపించేది చాలాసార్లు కోర్లన్నిటి సగటు. ఎనిమిది కోర్ల యంత్రంలో ఒక కోర్ ఊపిరాడక కొట్టుకుంటుంటే, సగటు పదమూడు శాతం దగ్గర తాపీగా కూర్చుని ఉంటుంది. మన పని ఆ ఒక్క కోర్ మీదే ఉండొచ్చు.

మరి పనిని ఎనిమిది కోర్లకూ పంచేస్తే సరిపోదా? ఇక్కడే మాడ్యులర్ సింథ్ మామూలు సంగీత సాఫ్ట్‌వేర్ కన్నా మొండిది. మామూలు ప్లగిన్ (సంగీత సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాము) ఒక బ్లాక్, అంటే ఒక గుంపు, శాంపిళ్లను తీసుకుని గబగబా దున్నేసి తర్వాతిదానికి అందిస్తుంది. మాడ్యులర్‌లో చివరి మాడ్యూల్ నుంచి తీగ తెచ్చి మొదటిదానికి గుచ్చవచ్చు. అసలు మజా అంతా అలాంటి ఫీడ్‌బ్యాక్ చుట్లలోనే ఉంది. మిల్లర్ పకెట్ 1990లలో తయారుచేసిన ప్యూర్ డేటా అనే సంగీత ప్రోగ్రాము మామూలుగా 64 శాంపిళ్ల బ్లాకులతో నడుస్తుంది. దానిలో డిలే చుట్టు ఒకటి వేస్తే, అది కనీసం ఒక బ్లాకంత ఆలస్యమవుతుంది. 44,100 రేటు దగ్గర లెక్కిస్తే, ఆ చుట్టుతో వాద్యపు తీగ మీటినట్టుండే స్వరం పుట్టించాలనుకున్నప్పుడు దాదాపు 689 హెర్ట్జ్ దాటి పైకి పోలేం. బ్లాకును ఒక్క శాంపిల్‌కు కుదించుకునే దారి ఉంది, కానీ దానికి మూల్యం ప్రాసెసరే చెల్లించాలి.

ఆండ్రూ బెల్ట్ 2017లో విడుదల చేసిన వీసీవీ ర్యాక్ అనే మాడ్యులర్ సింథ్ సాఫ్ట్‌వేర్ మొదటినుంచీ ఆ మూల్యానికి సిద్ధపడింది. అందులో అంతా శాంపిల్ శాంపిల్‌కూ నడుస్తుంది. ప్రతి తీగా సరిగ్గా ఒక శాంపిల్ ఆలస్యం చేస్తుంది. ఈ ఆలస్యం వల్ల ఒక మేలు కలిగింది: ఆ శాంపిల్ వరకు ఏ మాడ్యూలూ ఇంకోదాని కోసం ఎదురుచూడక్కర్లేదు కాబట్టి, వాటిని వేర్వేరు కోర్లకు పంచవచ్చు. అయితే అందరూ ఒక శాంపిల్ పూర్తిచేశాకే తర్వాతిదానికి పోవాలి. సెకనుకు 48,000 సార్లు కోర్లన్నీ ఒకచోట కలిసి 'అయిందా, అయిందా' అని ఒకదాన్నొకటి అడగాలన్నమాట. ముందు ముగించిన కోర్ నిద్రపోదు. నిద్రలేచే వ్యవధి కూడా లేదు గనుక ఖాళీగా గిరగిరా తిరుగుతూ వేడెక్కుతుంది. అందుకే థ్రెడ్లు (కోర్లకు పంచే పని పాయలు) పెంచితే ఒక్కోసారి ఫ్యాను మోత పెరుగుతుందే గానీ చిటపట తగ్గదు. చిటపట ఆగినచోట ఆగి, అంతకన్నా ఒక్క థ్రెడ్ కూడా ఎక్కువ ఇవ్వకపోవడం మంచిది.

ఇక నిశ్శబ్దం దగ్గరకొద్దాం. మిక్సర్‌లో ఒక చానల్‌ను మ్యూట్ చేస్తే చెవికి వినిపించదు, అంతే. దాని వెనక స్వరం పుట్టించే ఆసిలేటర్, ఫిల్టర్, ప్రతిధ్వని కలిపే రివర్బ్ అన్నీ ఎప్పటిలాగే లెక్కలు కడుతూ ఉంటాయి. చివర్లో ఆ ఫలితాన్ని సున్నాతో గుణిస్తారు. శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు. బైపాస్ చేస్తేనే ఆ మాడ్యూల్ లెక్క నిజంగా ఆగుతుంది. నా ప్యాచ్ ఒకటి పది రోజులు సతాయించింది. అనుమానమంతా రివర్బ్ మీదే. తీరా ర్యాక్‌లో ఎఫ్3 నొక్కి ఒక్కో మాడ్యూల్ ఎంత సమయం తింటోందో చూస్తే, ఓ మూల పారేసి మరిచిపోయిన ఆసిలేటర్ ఒకటి దేనికీ కలపకుండానే పదహారు గొంతులతో (ఒకేసారి పలికే స్వరాలతో) హోరెత్తిస్తోంది. ఆ కొలత కూడా కొంచెం ప్రాసెసర్‌ను తింటుంది, చూశాక ఆపేయడం మరవకండి.

ఇంతకన్నా వింత ఇంకోటుంది. రివర్బ్ తోక సన్నగిల్లుతూ చావడానికి దగ్గరపడుతున్నప్పుడు ప్రాసెసర్ భారం ఉన్నట్టుండి ఎగబాకడం. శబ్దం తగ్గుతుంటే పని పెరగడమేమిటి? ప్రతిధ్వని ప్రతి చుట్టుకూ కొంత తగ్గుతుందే గానీ గణితంలో సున్నాకు చేరదు. 32 బిట్ల దశాంశ సంఖ్య మామూలు పద్ధతిలో 1.2 × 10⁻³⁸ వరకు చిన్నదాన్ని పట్టగలదు. అంతకన్నా చిన్నవాటిని డీనార్మల్ అంటారు. వాటికోసం 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం వేరే ఏర్పాటు చేసింది. శాస్త్ర గణనకు అది వరమే. కానీ చాలా ప్రాసెసర్లు వీటిని మామూలు దారిలో పంపలేక నిదానమైన పక్కదారి పట్టిస్తాయి. ఒక్కో గుణకారం పదుల రెట్లు, ఒక్కోసారి వంద రెట్ల దాకా మందగిస్తుంది. ఎవరి చెవికీ, ఏ స్పీకర్‌కూ అందని ధ్వని కోసం ఇంత తతంగం. అందుకే సంగీత సాఫ్ట్‌వేర్లు ఈ సంఖ్యలను నేరుగా సున్నా చేసెయ్యమని ప్రాసెసర్‌కు ముందే చెప్పి పెడతాయి. పాతకాలం ప్రోగ్రామర్లు సిగ్నల్‌లో వినపడనంత రొద కలిపి గండం గట్టెక్కేవాళ్లు.

గొంతుల సంగతి కొంచెం తేలిక. నాలుగు స్వరాల కార్డ్ కోసం ఆసిలేటర్, ఫిల్టర్, స్వరం లేచి తగ్గే తీరును నడిపే ఎన్వలప్‌లను నాలుగేసి సార్లు కాపీ చేసుకుంటే ఖర్చు నాలుగింతలు. దానికి బదులు ర్యాక్‌లో ఒకే తీగలో పదహారు చానళ్ల వరకు పంపవచ్చు. బాగా రాసిన మాడ్యూళ్లు నాలుగేసి సంఖ్యలను కట్టకట్టి ఒకే ఆదేశంతో లెక్కించేస్తాయి కాబట్టి, అలాంటివాటిలో నాలుగు గొంతులకు పట్టే సమయం ఒక గొంతుకు పట్టేదానికి పెద్ద తేడా ఉండదు. ఐదో గొంతు పెట్టారా, రెండో కట్ట మొదలైనట్టే. అయిదు పెట్టుకునేవాళ్లు ఎనిమిది పెట్టుకోవచ్చు, లేదా నాలుగుతో సరిపెట్టుకోవచ్చు.

శాంపిల్ రేటు విషయంలో మాత్రం దుబారా ఎక్కువ. సగం రేటు దాటిన పౌనఃపున్యాలు వెనక్కి మడతపడి, స్వరంతో పొసగని గరగరలై వినిపిస్తాయి. వక్రీకరణ చేసే మాడ్యూళ్లు వాటిని దండిగా పుట్టిస్తాయి గనుక, లోపల నాలుగింతలో ఎనిమిదింతలో వేగంతో నడుపుకుని, ఆ పై భాగాన్ని వడగట్టి మామూలు రేటుకు దిగుతాయి. అది అక్కడ అవసరం. కానీ ఇంజన్ మొత్తాన్ని 96 కిలోహెర్ట్జ్‌కు పెంచితే, రెండు సెకన్లకోసారి ఊగే ఎల్‌ఎఫ్ఓ (మెల్లగా ఊగుతూ ఇతర మాడ్యూళ్లను నడిపే ఆసిలేటర్), నిమిషానికి నూట ఇరవై సార్లు కొట్టే క్లాక్, సీక్వెన్సర్, అన్నీ రెట్టింపు పనిచేస్తాయి. గోటితో పోయేదానికి గొడ్డలి. మొదటినుంచీ సీసౌండ్ లాంటి ప్రోగ్రాములు ఈ రెంటినీ విడదీశాయి. వినిపించే సిగ్నల్‌కు ఒక రేటు, నియంత్రణ సిగ్నల్‌కు చాలా తక్కువ రేటు. మరీ తగ్గిస్తే ఫిల్టర్ తిరిగినప్పుడు మెట్లు మెట్లుగా వినిపిస్తుంది, అదొక్కటే చూసుకోవాలి.

తెర మీద కదిలే స్కోప్‌లు, మెరిసే దీపాలు గ్రాఫిక్స్ పని. అవి ఆడియో లెక్కలకు నేరుగా అడ్డురావు గానీ, ల్యాప్‌టాప్‌లో ఇద్దరూ ఒకే వేడిని పంచుకుంటారు. వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇరవై నిమిషాలు చక్కగా నడిచిన ప్యాచ్ ఆ తర్వాత తడబడుతోందంటే కారణం అదే కావచ్చు. ఫ్రేమ్ రేటు తగ్గించడం, ఛార్జర్ గుచ్చి ఉంచడం, విద్యుత్ పొదుపు మోడ్ తీసేయడం, ఈ మూడూ ఖర్చులేని మందులు.

ఇవన్నీ చేశాక కూడా ప్యాచ్ పట్టకపోతే మిగిలింది రికార్డింగ్. బేస్ లైన్‌ను ఒక ఫైలుగా మార్చేస్తే, అది పుట్టిన పది మాడ్యూళ్ల బదులు ఫైలు చదివే ఖర్చు మాత్రమే ఉంటుంది. పోయేదల్లా దాని నాబ్‌లను తిప్పే వీలు. నేను డ్రమ్స్, బేస్ ముందు రికార్డు చేసేస్తాను. రివర్బ్‌ను మాత్రం చివరిదాకా బతికే ఉంచుతాను, దాని నాబ్ మీదినుంచి చెయ్యి తియ్యబుద్ధి కాదు.