కోతి గూడు ఎక్కడుంది? అపోహలు - వాస్తవాలు

నేను కోతుల లెక్క తీసే పనిలో ఉన్నాను. పగలు వాటి వెనక తిరిగితే లెక్క తేలదు, రెండు గోడ దిగేలోపు నాలుగు చెట్టెక్కేస్తాయి. అందుకే పొద్దుగూకక ముందే అవి పడుకునే చెట్టు దగ్గరికి చేరతాం. ఎక్కేటప్పుడు ఒకసారి, తెల్లారి దిగేటప్పుడు ఇంకోసారి లెక్కపెడతాం. చెట్టు కనుక్కోవడానికి దుర్భిణి అక్కర్లేదు, ముక్కు చాలు. మూత్రం కంపు, కింద పడ్డ మలం చెప్పేస్తాయి.

అపోహ: కోతులు గూడు కట్టుకుంటాయి.

ఉద్దానంలో ఒక జీడితోట రైతు "అదిగో బాబూ, కోతి గూడు" అని చూపించాడు. చూస్తే కాకిగూడు. కొండల్లో అయితే బెట్టుడత అనే పెద్ద ఉడత కట్టిన ఆకుల గూడు చూసి అలాగే పొరబడతారు. మన ఎర్రమూతి కోతి గానీ కొండముచ్చు గానీ గూడు కట్టవు.

కట్టేవి తోకలేని పెద్ద వానరాలు: చింపాంజీ, బోనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్. చింపాంజీ రోజూ సాయంత్రం కొమ్మలు వంచి, ఒకదానిలోకి ఒకటి దూర్చి, పైన ఆకులు పరిచి, కొద్ది నిమిషాల్లో పక్క సిద్ధం చేసుకుంటుంది. చెట్టు ఎంపికలో మహా పట్టింపు. ఉగాండాలోని టోరో-సెమ్లికి అభయారణ్యంలో 1,844 గూళ్లు పరిశీలిస్తే, దాదాపు నాలుగింట మూడొంతులు ఒకే జాతి చెట్టు మీద ఉన్నాయి. అక్కడి చెట్లలో ఆ జాతి పదో వంతు కూడా లేదు! దాని కొమ్మ గట్టిది, వంచినా తేలిగ్గా విరగదు. మంచానికి కర్ర ఎంచే మన పెద్దాళ్లు గుర్తొచ్చారు నాకు.

అపోహ: కోతి సోమరి, అందుకే ఇల్లు లేదు.

గిజిగాడు, కోతి కథ విన్నవాళ్లందరూ ఇదే అంటారు. కోతి పిర్రల మీద కాయకాచిన చర్మం చూశారా? అదే దాని పరుపు. కొమ్మ మీద కూర్చునే నిద్రపోతుంది. చలికాలం టార్చి వెలుగు ఒక్క క్షణం పడితే కనిపించేది ఇదీ: రెండు తల్లులు ఎదురెదురుగా కరుచుకుని, మధ్యలో పిల్లలు, తలలు గుండెల మీదికి వాలిపోయి, కింద తోకలు మాత్రం వేలాడుతూ.

అపోహ: ఎక్కితే తెల్లారేదాకా మొద్దునిద్రే.

కాదు. కెన్యాలో బబూన్లనే పెద్ద కోతులకు కదలికలు నమోదుచేసే పట్టీలు మెడకు కట్టి చూసిన పరిశోధన 2022లో వచ్చింది. కొత్తచోట పడుకున్నా, పక్కన తోటి బబూన్లు ఎక్కువైనా వాటికి నిద్ర తగ్గింది. పెళ్లింట్లో మన నిద్రలాగే.

అపోహ: రాత్రి టపాసులు కాలిస్తే వెళ్లిపోతాయి.

చీకట్లో వాటికీ సరిగా కనిపించదు. బెదిరితే చంటిపిల్లలు జారిపడే ప్రమాదం ఉంది. ఈ పని దయచేసి వద్దు.

అపోహ: చెట్టు కొట్టేస్తే పీడ పోతుంది.

ఒక గుంపుకి బస ఒక్కటే ఉండదు, మూడో నాలుగో ఉంటాయి, మార్చుకుంటూ ఉంటుంది. ఎత్తు, కుక్కలు ఎక్కలేని దారి, దగ్గర్లో తిండి ఉంటే వాటర్ ట్యాంకయినా సరే. విజయనగరం వైపు ఒక ఊళ్లో బడి ముందున్న మర్రి కొమ్మలు నరికించారు. వారం తిరగకుండా గుంపంతా బడి డాబా మీదికి చేరింది. నరికించమన్న నలుగురిలో, ఈ పనిలో కొత్తగా చేరిన నేనూ ఉన్నాను. అక్కడి హెడ్మాస్టరు నేను కనిపిస్తే చాలు, ఇప్పటికీ "మీ చుట్టాలు పైనున్నారు, కాఫీ తాగి వెళ్లండి" అంటారు.