వారియర్స్ ఊరు ఎందుకు మారారు?

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

చిన్నాకీ, అమ్మలుకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో చిన్నా ఒక ప్రశ్న వేశాడు. "కరీ ఇంతకుముందు ఓక్లాండ్‌లో ఆడేవాడట, ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో ఆడుతున్నాడు, టీమ్ మారాడా తాతయ్యా?" అని. కరీ మారలేదు నాన్నా. 2009లో చేరినప్పటి నుంచీ అదే బాస్కెట్‌బాల్ టీమ్‌లో, గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లోనే ఉన్నాడు. టీమే ఊరు మారింది. అది ఎందుకో చెప్పబోతే అమ్మ మిమ్మల్ని స్కూల్ బస్సుకి తరిమేసింది. ఫోన్లో తేలే విషయం కూడా కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. నేను ఉద్యోగం చేసినంతకాలం మునిసిపాలిటీ అకౌంట్స్ సెక్షన్‌లోనే కదా. ఏ కట్టడం చూసినా డబ్బు ఎవరు పెట్టారు, అప్పు ఎవరి పేరు మీద ఉంది అన్నదే ముందు చూస్తాను. అత్త వాళ్లింటికి వచ్చినప్పటి నుంచి ఈ వారియర్స్ సంగతి ఓపిగ్గా చదివాను.

ముందు మ్యాప్ తెరవండి. మధ్యలో సముద్రపు పాయ లాంటి పెద్ద అఖాతం ఉంటుంది. దానికి పడమటి ఒడ్డున శాన్ ఫ్రాన్సిస్కో, తూర్పు ఒడ్డున ఓక్లాండ్. రెండిటినీ బే బ్రిడ్జి కలుపుతుంది. అత్త వాళ్ల ఫ్రీమాంట్ కూడా తూర్పు వైపే, ఓక్లాండ్‌కి కిందుగా ఉంటుంది. టీమ్ వెళ్లింది ఎక్కడికో కాదు, నీళ్లకి ఆవలి ఒడ్డుకే. అంత దగ్గరికి వెళ్లినదానికి ఓక్లాండ్ వాళ్లకి అంత బాధ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఓక్లాండ్ ఓడరేవు ఊరు, రెక్కల కష్టం మీద బతికేవాళ్లు ఎక్కువ. ఆవలి ఒడ్డున ఉన్నది బ్యాంకులు, ఐటీ కంపెనీలు, పర్యాటకులు ఉన్న ఊరు. పేపర్లలో ఎప్పుడూ దాని పేరే. ఓక్లాండ్ వాళ్లకి మాది అని గట్టిగా చెప్పుకోవడానికి ఉన్నవాటిలో ఈ టీమ్ ఒకటిగా ఉండేది.

అసలు ఈ టీమ్ పుట్టింది ఈ రెండు ఊళ్లలోనూ కాదు. 1946లో ఫిలడెల్ఫియాలో మొదలై, 1962లో శాన్ ఫ్రాన్సిస్కోకి వచ్చింది. 1971లో ఓక్లాండ్‌లో స్థిరపడింది. అప్పుడే 'గోల్డెన్ స్టేట్' అని రాష్ట్రం ముద్దుపేరు పెట్టుకున్నారు. 1975లో ఛాంపియన్లయినప్పుడు ఓక్లాండ్ ఎరీనా వేరే కార్యక్రమాలకి ముందే బుక్ అయిపోవడంతో ఫైనల్స్‌లో సొంతూరి మ్యాచ్‌లు ఆవలి ఒడ్డున కౌ ప్యాలెస్ అనే హాల్లో ఆడాల్సి వచ్చింది. ఫైనల్స్ దాకా వస్తారని ఎరీనా వాళ్లే అనుకోలేదన్నమాట!

ఆ తర్వాత చాలా ఏళ్లు ఓటములే. అయినా జనం రావడం మానలేదు. 2007లో ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివర జరిగే నాకౌట్ దశకి, ఎనిమిదో స్థానంలో చేరి, మొదటి స్థానంలో ఉన్న డాలస్‌ని ఓడించారు. అప్పటి మ్యాచ్‌లు యూట్యూబ్‌లో ఉంటాయి, ఆట కంటే ముందు జనం అరుపులు వినండి. ఆ తర్వాత కరీ వచ్చాడు. 2015, 2017, 2018లో ఛాంపియన్‌షిప్‌లు గెలిచారు. ఆ మూడుసార్లూ విజయయాత్ర ఓక్లాండ్ వీధుల్లోనే జరిగింది.

ఆ పాత ఎరీనాకి వెళ్లే దారి చెబుతాను. బార్ట్ అనే లోకల్ రైల్లో వెళ్లి కొలీజియం స్టేషన్‌లో దిగితే, అక్కణ్నుంచి పొడుగాటి కాలినడక వంతెన ఉంటుంది. రెండు వైపులా ఇనుప జాలీ. అప్పట్లో మ్యాచ్ రోజున ఆ వంతెన మీద ఒకడు టీషర్టులు చేతి మీద వేసుకుని అమ్ముతుండేవాడు, ఇంకొకావిడ తోపుడు బండి మీద సాసేజీలు, ఉల్లిపాయ చక్రాలు వేయిస్తుండేది. మామూలు వాళ్లు, పిల్లలని భుజాల మీద ఎక్కించుకున్న నాన్నలు, ఫ్యాక్టరీ డ్యూటీ బట్టల్లోనే వచ్చినవాళ్లు, అందరూ ఒకే గుంపుగా నడిచేవాళ్లు. టీమ్ వెళ్లిపోయినప్పుడు ఆ బండ్లవాళ్ల నష్టాన్ని ఏ లెక్కల పుస్తకంలోనూ ఎవరూ రాయలేదు. నాకు అది చాలా కష్టంగా అనిపించింది.

ఇక ఎందుకు మారారో చూద్దాం. 2010లో జో లేకబ్, పీటర్ గూబర్ అనే ఇద్దరి నాయకత్వంలో కొందరు కలిసి ఈ టీమ్‌ని 45 కోట్ల డాలర్లకి కొన్నారు. అక్కడ టీమ్ అంటే సంస్థ, దానికి యజమానులుంటారు. ఊరి పేరు పెట్టుకున్నా ఊరికి వాటా ఉండదు. ఓక్లాండ్ ఎరీనా టీమ్‌ది కాదు, అప్పట్లో ఓక్లాండ్ నగరం, అలమీడా కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కలిసి నడిపిన కొలీజియం అథారిటీది. టీమ్ అక్కడ అద్దెకున్నట్టే. అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి కదా, అలాగే. మ్యాచ్‌లు లేని రోజుల్లో జరిగే సంగీత కచేరీల మీద వచ్చే డబ్బు వాళ్లది కాదు. సొంత ఎరీనా ఉంటే ఏడాది పొడుగునా ఆదాయం. పైగా లక్షలు పోసి బాక్సులు, అంటే ఎరీనాలో కూర్చుని మ్యాచ్ చూసే ప్రత్యేక గదులు, తీసుకునే కంపెనీలు శాన్ ఫ్రాన్సిస్కోలోనే ఎక్కువ.

2012లో అఖాతం ఒడ్డునే, పాత రేవు వేదికల మీద ఎరీనా కడతామని ప్రకటించారు. నీటి అంచున అంత పెద్ద కట్టడం ఏమిటని ఊళ్లో గొడవ లేచింది. పాత రేవుని బలపరచడానికే బోలెడు ఖర్చు. 2014లో ఆ ఆలోచన వదిలేసి, మిషన్ బే అనే పేటలో సేల్స్‌ఫోర్స్ అనే కంపెనీ నుంచి స్థలం కొన్నారు. దాని పక్కనే పెద్ద ఆసుపత్రి ఉంది, అందులో పిల్లల ఆసుపత్రి కూడా. మ్యాచ్ రోజు ట్రాఫిక్‌లో అంబులెన్సులు ఎలా వెళతాయని కొందరు కోర్టుకెక్కారు. అది న్యాయమైన భయమే. కోర్టులు నిర్మాణానికి అడ్డు చెప్పలేదు. 2017 జనవరిలో పని మొదలై, 2019 సెప్టెంబర్‌లో ఛేజ్ సెంటర్ తెరుచుకుంది. మ్యాచ్ టికెట్ చూపిస్తే ఆ రోజు సిటీ బస్సులూ ట్రాముల్లో ఉచితంగా వెళ్లొచ్చు. కార్లు తగ్గించడానికి పెట్టిన ఏర్పాటు అది, మంచి ఏర్పాటు.

ఖర్చు సుమారు 140 కోట్ల డాలర్లు. అమెరికాలో ఇలాంటి కట్టడాలకి ఊరి పన్నుల డబ్బు అడగడం మామూలు. వీళ్లు మాత్రం ఎరీనాని ప్రైవేటు డబ్బుతోనే కట్టారు. ఆ విషయంలో వాళ్లని మెచ్చుకోవాల్సిందే. ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందంటారా? ఛేజ్ అనే బ్యాంకు తన పేరు పెట్టుకోవడానికి కొంత ఇచ్చింది. ఖరీదైన బాక్సుల మీద కొంత వచ్చింది. ఇంకో దారి ఉంది, అది శ్రద్ధగా చదవండి. సీజన్ టికెట్, అంటే ఆ సీజన్లో సొంతూరి మ్యాచ్‌లన్నిటికీ కలిపి కొనే టికెట్, కావాలంటే ముందుగా సభ్యత్వం కింద ఒక మొత్తం కట్టాలి. ఆ మొత్తాన్ని 30 ఏళ్ల తర్వాత తిరిగి ఇచ్చేస్తారు, కానీ వడ్డీ ఉండదు. తిరిగి ఇస్తున్నారు కదా అని సంతోషించకండి. 30 ఏళ్ల కిందట మీ నాన్నకి నేను కొన్న సైకిల్ ధరకి ఇవాళ మీకు ఒక మంచి బూట్ల జత రాదు. వడ్డీ లేకుండా 30 ఏళ్లు డబ్బు వాడుకోవడమంటే, అభిమానులు టీమ్‌కి చేసిన పెద్ద సాయమన్నమాట. ఓక్లాండ్‌లో ఏళ్ల తరబడి సీజన్ టికెట్లు కొన్నవాళ్లలో కొందరికి ఆ సభ్యత్వం కట్టే స్తోమత లేకపోయింది.

సీట్ల సంగతి కూడా చూడండి. పాత ఎరీనాలో 19,596 మంది కూర్చునేవాళ్లు. కొత్తదాంట్లో 18,064 మందే. కొత్తది కడితే పెద్దది కడతారనుకుంటాం కదా! జాగా బాక్సులకీ, లాంజ్‌లకీ పోయింది. సీట్లు తగ్గాయి, కూర్చునేవాళ్ల నుంచి వచ్చే డబ్బు మాత్రం పెరిగింది. టీవీలో మ్యాచ్ చూసేటప్పుడు సగం ఆట అయ్యాక కింది వరసలు గమనించండి. కొన్ని సీట్లు కాసేపు ఖాళీగా కనిపిస్తాయి. వాళ్లు లోపల లాంజ్‌లో తింటూ ఉంటారు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న అప్పు సంగతి. 1990లలో పాత ఎరీనాని దాదాపు మళ్లీ కట్టినంత పనిచేశారు. ఆ పని జరిగిన సీజన్లో టీమ్ శాన్ హోసేలో ఆడింది. ఆ పనికోసం ఓక్లాండ్ నగరం, కౌంటీ బాండ్ల మీద 14 కోట్ల డాలర్ల అప్పు తెచ్చాయి. ఆ వాయిదాలు కట్టడానికి టీమ్ ఒప్పుకుంది. వాయిదాలు 2027 దాకా ఉన్నాయి. టీమ్ 2019లో వెళ్లిపోతోంది. మిగిలిన 4 కోట్ల డాలర్ల పైచిలుకు ఎవరు కట్టాలి?

టీమ్ వాదన ఇది: లీజును మేం మధ్యలో రద్దు చేసుకుంటే కట్టాలని ఒప్పందంలో ఉంది. మేం రద్దు చేయలేదు, గడువు దానంతటదే తీరింది, కాబట్టి మాకు సంబంధం లేదు. విన్నారా! మా సెక్షన్‌లో కాంట్రాక్టర్లు ఇలాంటి మాటలతో వచ్చినప్పుడు మేం పాత ఫైలు తీసి, ఒప్పందం రాసుకునే నాటి ఉత్తరాలు చూసేవాళ్లం. ఆ రోజు ఇద్దరూ ఏమనుకుని సంతకం చేశారో వాటిలో తెలిసిపోతుంది. ఇక్కడా మధ్యవర్తి అలాంటి కాగితాలే చూసి, 2018లో టీమే కట్టాలని తేల్చారు. టీమ్ కోర్టుకెళ్లింది. 2020లో అప్పీలు కోర్టు కూడా అదే చెప్పింది. 140 కోట్లు పెట్టి కొత్తది కట్టుకోగలిగినవాళ్లు ఆ 4 కోట్ల కోసం పాత ఊరిని కోర్టుల చుట్టూ తిప్పడం నాకు నచ్చలేదు. 2024లో ఫోర్బ్స్ పత్రిక ఈ టీమ్ విలువని 880 కోట్ల డాలర్లని అంచనా వేసింది.

అదే ఆవరణలో ఎరీనా పక్కనే ఒక స్టేడియం ఉంది. అందులో రెయిడర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఆడేది. 1990లలో ఆ టీమ్‌ని లాస్ ఏంజిలెస్ నుంచి వెనక్కి రప్పించడానికి ఊరు అప్పుచేసి స్టేడియం పెంచింది. 2020లో ఆ టీమ్ లాస్ వెగాస్ వెళ్లిపోయింది. ఆ అప్పు మాత్రం టీమ్ మీద పడలేదు. టీమ్ పోయాక కూడా కిస్తీలు ఓక్లాండ్, అలమీడా జనమే కట్టారు. రెండు ఒప్పందాల్లో తేడా అంతా 'చివరికి కట్టేదెవరు' అన్న ఒక్క షరతులో ఉంది. 2024 సెప్టెంబర్‌లో బేస్‌బాల్ టీమ్ ఏస్ కూడా వెళ్లిపోయింది. ఐదేళ్ల వ్యవధిలో మూడు టీమ్‌లూ పోయాయి.

సియాటిల్ వాళ్ల కథ ఇంకా బాధాకరం. మన తెలుగువాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, మీ నాన్న స్నేహితులు కూడా ఉన్నారు కదా. అక్కడి సూపర్‌సానిక్స్ టీమ్ 1967 నుంచి ఆడింది, 1979లో ఛాంపియన్. 2006లో ఓక్లహోమా సిటీ వ్యాపారులు దాన్ని కొన్నారు. జనం డబ్బుతో కొత్త ఎరీనా కావాలన్నారు. సియాటిల్ కుదరదంది. 2008లో నగరానికి 4.5 కోట్ల డాలర్లిచ్చి లీజు తెంచుకుని టీమ్‌ని తీసుకుపోయారు. టీమ్ పేరూ, రంగులూ మాత్రం సియాటిల్‌కే వదిలేశారు. అదే టీమ్ థండర్ పేరుతో 2025లో ఛాంపియన్ అయింది. సియాటిల్ చేసింది తప్పని నేను అనను. జనం డబ్బు అడిగినప్పుడు జనం కాదనొచ్చు. కాదన్నందుకు ఏమవుతుందో కూడా వాళ్లు చూశారు.

కాలిఫోర్నియాలోనే శాక్రమెంటో ఇంకో దారి పట్టింది. కింగ్స్ టీమ్ సియాటిల్‌కి పోబోతుంటే, 2013లో ముంబైలో పుట్టిన వివేక్ రణదివే నాయకత్వంలో కొందరు కొని ఆపారు. ఆయన అంతకుముందు వారియర్స్‌లోనే వాటాదారు. టీమ్ నిలిచింది, కానీ కొత్త ఎరీనాకి నగరం 25 కోట్ల డాలర్లు పెట్టాల్సి వచ్చింది.

మళ్లీ వారియర్స్ దగ్గరికి వద్దాం. 2019 జూన్ 13న ఓక్లాండ్‌లో చివరి మ్యాచ్, అదీ ఫైనల్స్‌లో. వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్ మోకాలు తిరిగిపోయింది. లోపలికి తీసుకెళుతుంటే, ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగినందుకు ఇచ్చే షాట్లు) తను వేయకపోతే మళ్లీ ఆటలోకి రాకూడదన్న నిబంధన ఉందని తెలిసి వెనక్కి నడిచొచ్చాడు. లిగమెంట్ తెగిన కాలి మీద నిలబడి రెండూ వేశాడు. రెండూ పడ్డాయి. మ్యాచ్ మాత్రం టొరంటో 114-110తో గెలిచింది. ఆ వీడియో తప్పకుండా చూడండి. కొత్త ఎరీనాలో మొదటి సీజన్ కూడా బాగా జరగలేదు. కరీ చెయ్యి విరిగింది, ఆ సీజన్లో గెలిచినవి 15, ఓడినవి 50. 2022లో మళ్లీ ఛాంపియన్లయ్యారు. ఆ యాత్ర మాత్రం శాన్ ఫ్రాన్సిస్కో మార్కెట్ స్ట్రీట్ మీద సాగింది.

అమ్మలూ, అమ్మాయిలకి టీమ్ లేదా అని నువ్వు అడిగావు కదా, దానికి కూడా జవాబు రాస్తాను. అమ్మాయిల టీమ్ ఉంది. పేరు వాల్కరీస్, 2025లో మొదలైంది. మ్యాచ్‌లు ఛేజ్ సెంటర్‌లో, రోజువారీ ప్రాక్టీసు మాత్రం ఓక్లాండ్‌లో, వారియర్స్ ఒకప్పుడు వాడిన చోటే. మొదటి ఏడాది సొంత ఎరీనాలో ఒక్క మ్యాచ్‌కి కూడా టికెట్లు మిగల్లేదు.

వేసవిలో మీరు వస్తే ఆ మ్యాచ్‌కే వెళదాం. వారియర్స్ టికెట్ ధర చూస్తే మీ అత్తకి టెన్షన్ వస్తుంది. ఇక్కడ బార్ట్ ఎక్కి పావెల్ స్టేషన్‌లో దిగి, టీ లైన్ ట్రామ్ పట్టుకుంటే ఎరీనా ముందే దింపుతుంది. వెళ్లేటప్పుడు దారిలో కొలీజియం స్టేషన్ వస్తుంది. అక్కడ ఒక రైలు వదిలేసి, వంతెన మీద కాసేపు నడిచి, పాత ఎరీనా కూడా చూపిస్తాను. ఇప్పుడు అందులో కచేరీలు జరుగుతున్నాయి. నాన్నతో చెప్పి పాస్‌పోర్టుల పని ఇప్పుడే మొదలుపెట్టించండి.

ఇట్లు,
మీ తాతయ్య