ఫ్లోరిడా బ్యాలెట్: ఆ 60 శాతం గీత ఎవరు గీశారు?

సంతకాలు సేకరించి రాజ్యాంగ సవరణను బ్యాలెట్ దాకా తీసుకెళ్లే హక్కు మీద ఫ్లోరిడాలో మళ్లీ రగడ. అందరూ గవర్నర్ రాన్ డిశాంటిస్ 2025 మేలో సంతకం చేసిన, సంతకాల సేకరణకు ఆంక్షలు పెట్టిన హెచ్‌బీ 1205 చట్టం గురించే మాట్లాడుతున్నారు. అసలు మెలిక పడింది మాత్రం 2006లో.

ఇకపై రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించాలంటే సగం ఓట్లు చాలవు, 60 శాతం రావాలని ఆ ఏడాది చట్టసభే ఒక సవరణను ఓటర్ల ముందు పెట్టింది. అది 57.78 శాతంతో నెగ్గింది. అప్పటికి పాత లెక్కే కాబట్టి సరిపోయింది. తను తెచ్చిన రూలు తనకే వర్తించి ఉంటే ఓడిపోయేదే!

ఆ రూలు కావాలన్నవాళ్లకు పందులు బాగా పనికొచ్చాయి. చూలు పందులను పక్కకు తిరగడానికి కూడా చోటులేని బోనుల్లో కుక్కకూడదని 2002లో జనం ఓటేశారు. ‘రాజ్యాంగంలో పందుల గోలేంటి’ అని వెటకారాలు మొదలయ్యాయి. ఫ్లోరిడాలో మామూలు చట్టాన్ని ప్రతిపాదించే వీలు జనానికి లేదన్న సంగతి మాత్రం ఆ వెటకారాల్లో లేదు. పందుల బోనైనా, కూలి రేటైనా రాజ్యాంగం గుమ్మమే తొక్కాలి.

2020లో గంటకు 15 డాలర్ల కనీస వేతనం 60.8 శాతంతో గట్టెక్కింది. 2024లో అబార్షన్ హక్కు సవరణకు 57.2 శాతం వచ్చింది. 2006 నాటి సవరణకు వచ్చినదానికి కాస్త తక్కువ, అంతే. అయినా ఓడింది.

అంతటితో ఆగలేదు. దొంగ సంతకాలు, బయటి డబ్బు ఆపడానికే కొత్త చట్టం అంటోంది ప్రభుత్వం. ఫోర్జరీలు కొన్ని దొరికిన మాట నిజమే. కానీ చట్టం చేసిందేమిటి? సొంతవి, ఇంట్లోవాళ్లవి కాక 25 సంతకాల ఫారాలు మించి సేకరిస్తే ముందు రిజిస్టర్ చేసుకోవాలి, లేదంటే ఫెలొనీ, అంటే తీవ్ర నేరం. ఫారాలు అందజేసే గడువు 30 రోజుల నుంచి 10కి దిగింది. సంతకం పెట్టేవాళ్లు డ్రైవింగ్ లైసెన్స్ నంబరో, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగు అంకెలో రాయాలి. షాపు బయట నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి చేతికి ఆ అంకెలు ఎంతమంది ఇస్తారు? పౌరులు కానివాళ్లు ఫారాలు సేకరించకూడదు కూడా. అంటే టాంపాలో గ్రీన్ కార్డు మీద ఉన్న మనవాళ్లూ అందులోకే వస్తారు.

2026 బ్యాలెట్ ఎక్కడానికి కావలసినవి 8,80,062 సంతకాలు. 2025 జులైలో ఫెడరల్ జడ్జి మార్క్ వాకర్ చట్టంలో కొన్ని భాగాలను ఆపారు. అదే ఏడాది సెప్టెంబరులో అప్పీల్ కోర్టు, అప్పీల్ తేలేదాకా ఆ ఉత్తర్వును నిలిపేసింది.