చలికాలం, గీజర్, సన్నబడిన ధార: ఒంగోలు ప్లంబర్‌గా నేను వినే అపోహలు – వాస్తవాలు

పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోవడం లదాఖ్, కశ్మీర్ వాళ్ళ బాధ. ధనుర్మాసం చలికి మన ఒంగోలులో ఆ భయం లేదు. ఇక్కడ పైపును మూసేది ఉప్పు. బోరు నీళ్ళలో కరిగున్న కాల్షియం, నీళ్ళు వేడెక్కేసరికి తెల్లటి గారగా విడిపోయి పేరుకుంటుంది. గీజర్లు వేసే రోజులు రాగానే నాకు ఫోన్లు మొదలయ్యేది అందుకే.

అపోహ: వేడినీళ్ళు సన్నగా వస్తున్నాయంటే పెద్ద మోటారు వేయించాలి.

వాస్తవం: ట్యాంకు నింపడంతో మోటారు పని అయిపోయింది. కుళాయిలో ధార ట్యాంకు ఎత్తును బట్టి ఉంటుంది. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక కేజీ ప్రెషర్, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ బరువు. డబ్బు ఖర్చుపెట్టే ముందు చల్లనీళ్ళు, వేడినీళ్ళు విడివిడిగా తిప్పి చూడండి. వేడినీళ్ళే సన్నగా ఉంటే గార గీజర్ అవుట్‌లెట్‌లోనో మిక్సర్ లోపలో ఉంది. రెండూ సన్నగా ఉంటే ట్యాంకు కింద గేట్‌వాల్వ్ దగ్గర నుంచి వెతకాలి.

అపోహ: యాసిడ్ పోస్తే పైపు శుభ్రపడుతుంది.

వాస్తవం: గార కరుగుతుంది, నిజమే. దాంతోపాటు జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు మీద పూత కూడా పోయి తుప్పు మొదలవుతుంది. యాసిడ్‌కి బ్లీచింగ్ పౌడర్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపేసిన బాత్రూంలో అది ప్రాణాంతకం. షవర్ రంధ్రాలు పూడితే విప్పి కాసేపు వెనిగర్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దండి, చాలు.

అపోహ: గీజర్ సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటే మూసేయాలి.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. ఒక ఇంట్లో వాల్వ్ మూతికి టెఫ్లాన్ టేపు చుట్టి ఎండ్‌క్యాప్ బిగించి ఉంది. "గోడ నెమ్మెక్కుతుందని బిగించాం అన్నా" అన్నారు. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. పాతిక లీటర్ల గీజర్‌లో ఆ పెరుగుదల పావు లీటరు దాటుతుంది. నాన్‌రిటర్న్ వాల్వ్ ఉన్నచోట ఆ నీళ్ళు వెనక్కి పోలేవు, సేఫ్టీ వాల్వ్ నుంచే బయటపడాలి. ఆ దారీ మూసి, పైగా వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ పాడైతే గీజర్ పేలిపోవచ్చు. నేను క్యాప్ తీసి, వాల్వ్ మార్చి, మూతికి సన్న గొట్టం తగిలించి డ్రెయిన్‌లోకి వదిలాను. గోడ తడవలేదు. గీజర్ ఆపేసినా చుక్కలు ఆగకపోతే వాల్వ్‌లో నలక పడిందనో ప్రెషర్ ఎక్కువైందనో అనుమానించాలి.

అపోహ: పైపు ఏదైనా పైపే.

వాస్తవం: మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది. గీజర్ లైనుకు వేడిని తట్టుకునే సీపీవీసీ పైపు వేయించండి.

అపోహ: నీళ్ళు కాస్తే ఫ్లోరైడ్ పోతుంది.

వాస్తవం: బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న కనిగిరి వైపు నుంచి వచ్చినవాళ్ళు తరచూ ఇదే అడుగుతారు. పోదు. ఆవిరయ్యేది నీళ్ళే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. ఉప్పు వేసి నడిపే సాఫ్ట్‌నర్ కూడా దాన్ని తీయలేదు. తాగే నీటికి ఆర్‌వో కావాలి.

గీజర్‌ను 75 డిగ్రీల దగ్గర పెడితే గార తొందరగా పడుతుంది. 60 సరిపోతుంది. ఏడాదికోసారి కాయిల్ విప్పించి గార గీకించండి. కార్తీకంలోనే పిలిస్తే మెకానిక్ తీరిగ్గా దొరుకుతాడు.